ముఖపరిచయం, మూడు ఉత్తరాలు

తెలుగువాళ్లకు ‘సిఫార్సు లేఖ’ అనగానే ముందు గుర్తొచ్చేది కాలేజీ కాదు, తిరుమల. ప్రజాప్రతినిధి లెటర్‌హెడ్ మీద ఫలానా వారు, కుటుంబ సభ్యులు ఆరుగురు, దర్శనం ఏర్పాటు చేయగలరు అని రెండు వాక్యాలుంటాయి. సంతకం పెట్టినవారికి ఆ ఆరుగురిలో ఒక్కరి ముఖమైనా తెలిసి ఉండనక్కర్లేదు. తెలుసా అని అక్కడ అడిగేవాళ్లూ లేరు. ఆ కాగితం విలువంతా సంతకం చేసినవారి హోదాలో ఉంటుంది. సిఫార్సు అన్న మాటకు ఇన్నేళ్లుగా మనం ఇచ్చుకున్న అర్థం ఇదే. బీటెక్ నాలుగో ఏడాదిలో అమెరికా ఎంఎస్‌కి దరఖాస్తు పెట్టబోయే కుర్రాడు కూడా ఈ అర్థాన్నే వెంటబెట్టుకుని వెళ్తాడు. మూడు రికమండేషన్ లెటర్లు (ఎల్‌ఓఆర్‌లు) కావాలని చూడగానే ముందు హెచ్‌ఓడీ గది, తర్వాత ప్రిన్సిపాల్ గది గుర్తొస్తాయి. తనకు పాఠం చెప్పి, ల్యాబ్‌లో పక్కన నిలబడి తప్పు దిద్దిన అసిస్టెంట్ ప్రొఫెసర్ మాత్రం గుర్తుకు రారు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది.

అటువైపు అడిగేది వేరు. ఆన్‌లైన్ దరఖాస్తులో విద్యార్థి నింపేది ఉత్తరం రాసేవారి పేరు, హోదా, ఈమెయిల్ వంటి వివరాలే. ఆ తర్వాత విశ్వవిద్యాలయం నుంచి నేరుగా ఆ అధ్యాపకుడికే ఒక లింకు వెళ్తుంది. దాన్ని తెరిస్తే చాలాచోట్ల ఉత్తరంతో పాటు కొన్ని ప్రశ్నలకూ జవాబివ్వాలి. ఈ అభ్యర్థి మీకు ఎంతకాలంగా తెలుసు? ఏ సందర్భంలో తెలుసు? మీరు చదువు చెప్పినవారిలో ఇతను పైనుంచి ఐదు శాతంలో ఉంటాడా, పది శాతంలోనా, పాతిక శాతంలోనా? చెప్పగలిగినంత తెలియదు అనుకుంటే టిక్కు పెట్టడానికి ఒక గడి కూడా ఉంటుంది. ఇవన్నీ బోనెక్కిన సాక్షిని అడిగే ప్రశ్నలు. మీరు ఎంత పెద్దవారు అన్నది వీటిలో ఎక్కడా లేదు, మీరు ఏం చూశారు అన్నదే ఉంది. సాక్షి పదవి ఎంత పెద్దదైనా సంఘటన జరిగినప్పుడు అక్కడ లేకపోతే ఆ మాటకు విలువ ఉండదు. విద్యార్థిని ఎన్నడూ చూడని ప్రిన్సిపాల్ రాసే ఉత్తరమూ అంతే. అందులో ఉండేవి క్రమశిక్షణ, కష్టపడే తత్వం, పెద్దలంటే గౌరవం. అంటే కాలేజీ వదిలేటప్పుడు ఆఫీసులో అందరికీ ఇచ్చే స్టడీ అండ్ కాండక్ట్ సర్టిఫికెట్టే కాస్త పొడుగ్గా రాసినట్టు. చదివే ప్రొఫెసర్ దాన్ని చెడ్డ ఉత్తరం అనుకోడు. అందులో ఏమీ లేదనుకుంటాడు. పోటీ గట్టిగా ఉన్నచోట ఆ రెంటికీ పెద్ద తేడా లేదు.

ఇది ఏ కొద్దిమందికో పట్టిన బెంగ కాదు. అమెరికాలోని విదేశీ విద్యార్థుల లెక్కలు ఏటా చెప్పే ‘ఓపెన్ డోర్స్’ నివేదిక ప్రకారం 2023-24లో అక్కడ భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో 1,96,567 మంది పీజీ, ఆపై చదువుల వారే. ఇందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాటా ఎంత పెద్దదో ఇంజినీరింగ్ కాలేజీల చుట్టుపక్కల వెలసిన కన్సల్టెన్సీల బోర్డులు చూస్తే చాలు. ఇంతమందికి తలా మూడు ఉత్తరాలు. రాయవలసిన అధ్యాపకులకు వీళ్లలో చాలామంది హాల్ టికెట్ నంబర్లుగానే తెలుసు.

ఆ తెలియకపోవడం ఒక్క విద్యార్థి బద్ధకమే అనడం అన్యాయం. మన అనుబంధ కాలేజీల కట్టుబడే అలాంటిది. సెక్షనుకు అరవై మంది. ఒక అధ్యాపకుడు రెండు మూడు సెక్షన్లకు చెబితే ఒక్క సెమిస్టర్‌లోనే నూట ఇరవై నుంచి నూట ఎనభై ముఖాలు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) 2018-19 నుంచి పదిహేను మందికి ఒక అధ్యాపకుడు అన్న నిష్పత్తిని ఇరవై మందికి ఒకరుగా సడలించింది. సెమిస్టర్ చివరి పరీక్ష పేపర్లు యూనివర్సిటీకి వెళ్తాయి, అవి ఎవరివో దిద్దేవారికి తెలియదు. పాఠం చెప్పిన సారుకు తన విద్యార్థి ఆ పరీక్షలో ఎలా ఆలోచించాడో చూసే అవకాశమే ఉండదు. ఆయన చేతికి వచ్చేవి మిడ్ పేపర్లు, ల్యాబ్ రికార్డులు, వైవా, ప్రాజెక్ట్ రివ్యూలు. అమెరికాలో ప్రొఫెసర్ వారానికి కొన్ని గంటలు గది తలుపు తెరిచి, ఎవరైనా వచ్చి అడగొచ్చని కూర్చుంటాడు. అక్కడి పెద్ద క్లాసుల్లోనూ చాలామంది ఆ తలుపు దాకా వెళ్లరు, అది వేరే మాట. మన దగ్గర స్టాఫ్ రూమ్‌కి వెళ్లడమంటే సాధారణంగా హాజరు తగ్గిందనో, రికార్డు మీద సంతకం కోసమో.

అలా తెలియనితనం మిగిల్చిన ఖాళీని నింపడానికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం అందరికీ తెలిసిందే. ఉత్తరం విద్యార్థే రాసుకుంటాడు, లేదా కన్సల్టెన్సీ రాసిస్తుంది. సార్ సంతకం పెడతారు. లింకు వచ్చాక ఎక్కించే పని కూడా కొన్నిచోట్ల విద్యార్థిదే. ఇందులో నైతికత సంగతి కాసేపు పక్కన పెట్టి, పనికొస్తుందా అన్నది మాత్రమే చూసినా లెక్క తేలదు. 1981లో బ్యాక్స్‌టర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు సిఫార్సు ఉత్తరాలను పోల్చి చూసి ఒక తమాషా సంగతి తేల్చారు. ఒకే అభ్యర్థి గురించి ఇద్దరు రాసిన ఉత్తరాల మధ్య ఉన్న పోలిక కంటే, ఒకే మనిషి ఇద్దరు అభ్యర్థుల గురించి రాసిన ఉత్తరాల మధ్య పోలికే ఎక్కువట. అంటే ఉత్తరంలో ముందు కనబడేది దాన్ని రాసిన చెయ్యి. నిజాయితీగా రాసినప్పుడే అలా ఉంటే, ముగ్గురు సార్ల పేర్లతో వచ్చే మూడు ఉత్తరాలూ ఒక్క చేతి నుంచే వస్తే ఏమవుతుంది? మూడింటిలో అవే విశేషణాలు, అదే ప్రాజెక్ట్, అదే చివరి పేరా. పైగా ఒకే కన్సల్టెన్సీ నుంచి పదులకొద్దీ విద్యార్థులు అవే విశ్వవిద్యాలయాలకు పంపుతుంటారు. అభ్యర్థి ఒక్కడే అనుకుంటాడు తన ఉత్తరం ప్రత్యేకమని. కమిటీలో కూర్చున్నవాళ్లు చదివేది అందరివీ.

ఇంకో మెలిక ఉంది. అమెరికాలో విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం 1974లో ఫెర్పా అనే చట్టం వచ్చింది. దాని ప్రకారం చేరిన విద్యార్థికి తన ఫైలులోని ఉత్తరాలు చూసే హక్కు ఉంటుంది. వద్దనుకుంటే ఆ హక్కును రాతపూర్వకంగా వదులుకోవచ్చు. దరఖాస్తులో కనబడే ‘వదులుకుంటున్నారా’ అన్న ప్రశ్న అందుకే. అభ్యర్థి చూడడన్న భరోసా ఉంటే రాసేవారు మనసులో మాట రాస్తారని చదివేవారి నమ్మకం కనుక, దాదాపు అందరికీ వచ్చే సలహా అవునని పెట్టమనే. ఇప్పుడు మన విద్యార్థి సంగతి చూడండి. తానే రాసుకున్న ఉత్తరాన్ని తాను చూడనని ఒప్పుకుంటూ టిక్కు పెడుతున్నాడు. నవ్వు రావలసిన చోటే. కానీ దరఖాస్తులో చెప్పింది అబద్ధమని తేలితే ఇచ్చిన సీటునైనా వెనక్కి తీసుకునే అధికారం విశ్వవిద్యాలయానికి ఉంటుంది.

‘సార్లే రాసుకు రమ్మంటున్నారు, మేమేం చేయాలి?’ అన్నది దీనికి గట్టి జవాబు. నిజమే. రాసుకు రమ్మన్న సారుకు నీతులు చెప్పగల స్థితిలో విద్యార్థి లేడు. ఆ సారు పరిస్థితీ అంత సుఖంగా లేదు. నవంబరు, డిసెంబరు నెలల్లో ఒకరి తర్వాత ఒకరు వస్తారు, ఒక్కొక్కరికీ ఆరేడు విశ్వవిద్యాలయాలు, ఒక్కోదానికి ఒక్కో ఫారం. ఇంగ్లిషులో రెండు పేజీలు కూర్చుని రాయడం అందరికీ చేతనైన పనీ కాదు. అయితే ఉత్తరం రాసివ్వడానికీ, ఉత్తరానికి కావలసిన సరుకు ఇవ్వడానికీ మధ్య చాలా దూరం ఉంది. ‘డ్రాఫ్ట్ తెస్తావా’ అన్న సారుకు విశేషణాలతో నిండిన ఉత్తరం కాకుండా వివరాలతో నిండిన కాగితం ఇవ్వొచ్చు. ఏ సెమిస్టర్, ఏ సబ్జెక్టు, ఏ సెక్షన్, ఎన్ని మార్కులు. మైనర్ ప్రాజెక్టులో నలుగురుంటే అందులో తన వంతు పని ఏది, ఎక్కడ ఆగిపోయింది, ఎలా ముందుకు కదిలింది. రెండో రివ్యూలో సార్ వేసిన ప్రశ్న ఏమిటి, దానివల్ల తాను మార్చింది ఏమిటి. ఇది చదివాక సారుకు ఆ మధ్యాహ్నం గుర్తొస్తే, ఆయన రాసే నాలుగు వాక్యాలు ఆయనవే అవుతాయి. గుర్తు రాకపోతే ఆ సంగతి ఇద్దరికీ ముందే తెలిసిపోతుంది.

అసలు ఈ ఉత్తరాలకు అంత విలువుందా, జీపీఏ చూసి సీటిస్తున్నప్పుడు ఇంత యాతన ఎందుకు అన్నది ఇంకొందరి వాదన. సగం నిజం. కోర్సులు చదివి బయటపడే ఎంఎస్ ప్రోగ్రాములు కొన్నిటిలో ఉత్తరాలను పైపైన చూసి వదిలేస్తారు, కొన్నిచోట్ల అడగడమే మానేశారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన కుంసెల్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి 2014లో ప్రచురించిన విశ్లేషణ కూడా ఉత్తరాలను ఆకాశానికెత్తలేదు. మార్కులు, పరీక్ష స్కోర్లు చెప్పినదానికి మించి ఉత్తరాలు అదనంగా చెప్పేది చాలా తక్కువేనంది. ఒక్కచోట మాత్రం వాటికి కాస్త విలువ కనబడింది. చేరినవాడు డిగ్రీ పూర్తి చేస్తాడా, మధ్యలో వదిలేస్తాడా అన్న విషయంలో. పట్టుదల మార్కుల మెమోలో కనబడదు, పక్కనుండి చూసినవాడికి కనబడుతుంది. పీహెచ్‌డీకో, థీసిస్ ఉన్న ఎంఎస్‌కో వెళ్లేవారి విషయంలో ఉత్తరాన్ని జాగ్రత్తగా చదవడానికి కారణం ఇదే. ఐదారేళ్లు తన ల్యాబ్‌లో ఉంచుకుని జీతం ఇవ్వబోయే ప్రొఫెసర్‌కి కావలసింది ఈ ఒక్క కబురే.

మరి నిజంగా ఎవరికీ తెలియనివాడు, నాలుగో ఏడాది ఆగస్టులో కళ్లు తెరిచినవాడు ఏం చేయాలి? పరిచయాన్ని మాటలతో పెంచుకోలేం, పనితో పెంచుకోవచ్చు. 1910 చివర్లో రామానుజన్ నెల్లూరు వెళ్లి అప్పటి జిల్లా కలెక్టర్ ఆర్. రామచంద్రరావును కలిశాడు. ఎఫ్‌ఏ పరీక్ష తప్పినవాడు, చేతిలో డిగ్రీ లేదు. ఉన్నవి గణితం నిండిన నోటుపుస్తకాలు. గణితం మీద మక్కువ ఉన్న ఆ కలెక్టర్ వాటిని చూసి, మాట్లాడించి, తర్వాత కొంతకాలం నెలనెలా డబ్బు పంపాడు. 1913 జనవరిలో కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీకి రాసిన ఉత్తరమూ అంతే, ముందు పరిచయం లేదు, లోపల సిద్ధాంతాలున్నాయి. అందరూ రామానుజన్లు కారు కదా అంటారు. కానక్కర్లేదు, ఎంఎస్ సీటుకు అంత అవసరం రాదు. చూపించడానికి ఏదో ఒకటి పట్టుకెళ్లాలన్నదే ఇక్కడ తీసుకోవలసిన సంగతి. రెండో ఏడాదిలో ఒక సబ్జెక్టు బాగా నచ్చి ఉంటే, ఆ సారు దగ్గరకు అదే సబ్జెక్టులో చిన్న పని ఒకటి పట్టుకెళ్లొచ్చు. మేజర్ ప్రాజెక్టుకు గైడ్‌గా ఉండమని అడగొచ్చు. వాళ్ల ల్యాబ్‌లో జూనియర్లకు సాయం చేస్తానని చెప్పొచ్చు. నాలుగు నెలలు చిన్న వ్యవధే అయినా, ‘ఈ విద్యార్థి నాకు నాలుగు నెలలుగా తెలుసు, ఆ నాలుగు నెలల్లో చూసింది ఇది’ అన్న ఉత్తరం, నాలుగేళ్లుగా తెలుసంటూ ఒక్క సంఘటనా చెప్పలేని ఉత్తరం కంటే బరువైనది.

అడిగే తీరు కూడా చిన్న విషయం కాదు. కారిడార్‌లో ఆపి ‘సార్, ఎల్‌ఓఆర్ కావాలి’ అంటే కాదనడం సారుకు కష్టం, అవుననడం సులువు. ఆ సులువులోంచే ఒట్టి ఉత్తరాలు పుడతాయి. గడువుకు కనీసం నెల, వీలైతే ఆరు వారాల ముందే వెళ్లి, ‘నా గురించి రాయడానికి మీ దగ్గర సరిపడా విషయం ఉందా సార్? లేకపోతే పర్వాలేదు, ఇంకెవరినైనా అడుగుతాను’ అని అడగడం ఇద్దరికీ మంచిది. లేదని చెప్పిన సారు మేలే చేసినట్టు. కాదనలేక ఒప్పుకుని, ఆఖరి రోజు రాత్రి పది వాక్యాలు రాసి పంపే పెద్దాయనే నష్టం చేసేది. అలాగే మూడూ కాలేజీ నుంచే రావాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. ఇంటర్న్‌షిప్‌లో రోజూ పని చూసిన టీమ్ లీడ్‌కో, రెండేళ్లు ఉద్యోగం చేసినవారైతే మేనేజర్‌కో చెప్పడానికి ఎక్కువ ఉంటుంది. కాలేజీ ఉత్తరాలు ఇన్ని ఉండాలని విశ్వవిద్యాలయం నియమం పెడితే తప్ప, దీన్ని లోటుగా చూడరు.

ఇంత చెప్పినా మిగిలే అభ్యంతరం ఒకటుంది, దానికి పూర్తి సమాధానం లేదు. చొరవగా స్టాఫ్ రూమ్‌కి వెళ్లి మాట్లాడగలిగేది ఎవరు? ఇంట్లో చదువుకున్నవాళ్లున్నవాడు, ఇంగ్లిష్ తడబడనివాడు. తెలుగు మీడియంలో చదివి, సారు ఎదుట నోరు పెగలని అమ్మాయికి పని వచ్చినా పరిచయం రాదు. పరిచయం ఉన్నా ఉత్తరాలు సమానంగా ఉండవు. ఫ్రాన్సిస్ ట్రిక్స్, కరొలిన్ సెంకా 2003లో ప్రచురించిన అధ్యయనంలో ఒక అమెరికన్ వైద్య కళాశాలకు వచ్చిన మూడు వందలకు పైగా ఉత్తరాలను చదివితే, స్త్రీల గురించి రాసినవి సగటున పొట్టిగా ఉన్నాయి, వాటిలో అనుమానం రేపే మాటలూ ఎక్కువగా ఉన్నాయి. కాబట్టి బరువంతా విద్యార్థి మీదే వేయడం సరికాదు. ప్రాజెక్ట్ రివ్యూ జరిగిన రోజే ఎవరు ఏం చేశారో రెండు వాక్యాలు రాసి పెట్టుకునే అలవాటు డిపార్ట్‌మెంటులో ఉంటే, రెండేళ్ల తర్వాత అడిగిన, మౌనంగా ఉండే విద్యార్థి గురించీ చెప్పడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. ఇంకా చిన్న పని ఒకటుంది. సొంత జీమెయిల్ నుంచి వచ్చే ఉత్తరాన్ని కొన్ని విశ్వవిద్యాలయాలు ఒప్పుకోవు, సంస్థ ఈమెయిల్ కావాలంటాయి. చాలా కాలేజీల్లో అధ్యాపకులకు అది ఉండదు, ఉన్నా వాడుకలో ఉండదు. నలభై బస్సుల మీద పేరు రాయించుకోగల కాలేజీకి, అదే పేరుతో సారుకొక ఈమెయిల్ ఇవ్వడం పెద్ద ఖర్చేమీ కాదు.