బెట్టకు ఓర్చు పైరు

నెల్లూరు సీమకు ఈశాన్య ఋతుపవనములే జీవనాధారము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు అవి వానలు కురిపించును. వాయుగుండము దారి తప్పిన యేట చెరువులు నిండవు, చేలు ఎండును. సముద్రతీరము నంటియున్న ఇసుకనేలలు తేమను చిరకాలము నిలుపుకొనజాలవు. అచటి రైతులు ఇసుకలో దొరువులు త్రవ్వి, అందూరిన మంచినీటితో పైరులను తడుపుట పూర్వాచారము. అయితే తీరభూములలో ఆ మంచినీరు ఉప్పునీటిపై పొరవలె తేలియుండును. మితిమీరి తోడినచో అడుగుననున్న ఉప్పునీరు పైకి వచ్చి పైరును చెరచును. కావున ఉన్న కొద్ది నీటితోనే పైరును గట్టెక్కించు ఉపాయము తీరవాసులకు మిక్కిలి అవసరము.

వేరుశనగ, మినుము, పెసర చిక్కుడు కుటుంబమునకు చెందిన పైరులు. వీని వేళ్లపై చిన్న బుడిపెలుండును. వానిలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పైరునకు ఆహారముగా మార్చి యిచ్చును. నేల ఆరినచో ఈ బుడిపెల పని మందగించును. ఆకులు నీటిని కాపాడుకొనుటకై తమ సన్నని రంధ్రములను మూసికొనును. అంతట గాలి లోనికి చొరక ఆహారము తయారగుట తగ్గును. పూతవేళను, కాయ ఊరువేళను ఇట్టి బెట్ట తగిలినచో పూత రాలును, గింజ తాలుపడును.

దీనికి శాస్త్రజ్ఞులు రెండు ఉపాయములు చెప్పిరి. మొదటిది విత్తనమును గట్టిపరచుట. లీటరు నీటికి 5 గ్రాముల కాల్షియం క్లోరైడు కలిపి, ఆ నీటిలో వేరుశనగ విత్తులను కొన్ని గంటలు నానవేసి, పిదప నీడన ఆరబెట్టి విత్తుదురు. సాము నేర్చిన మల్లుడు బరికి వెరవనట్లు, ఒకమారు తడిసి ఆరిన విత్తనము బెట్టకు కొంత ఓర్చును. త్వరగా మొలచి వేరూనును.

రెండవది ఆకులపై మందు చల్లుట. 1985లో హైదరాబాదున నెలకొల్పబడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ వర్షాభావకాలమునకై తెలిపిన సూచనలలో ఇదియు నొకటి. లీటరు నీటికి యూరియా అయినచో 20 గ్రాములు, పొటాషియం నైట్రేటు అయినచో 10 గ్రాములు కలుపవలెను. బుడిపెలు ఈయలేని నత్రజనిని ఆకే గ్రహించును. పొటాషియము ఆకురంధ్రములు తెరచుకొనుటకును మూసికొనుటకును తోడ్పడి, నీరు వృథాగా ఆవిరి కాకుండ కాపాడును.

మందునకు కొలతయే ప్రాణము. ఎకరమునకు 200 లీటర్ల నీరు పట్టునెడల యూరియా 4 కిలోలు చాలును. ఎక్కువైన ఫలము పెరుగదు, ఆకు మాడును. మిట్టమధ్యాహ్నము చల్లినను నీరు ఆవిరియై, మందు చిక్కబడి అంతే కీడు కలుగును. నేలలో కొంత తేమ యుండగనే, ఉదయమునగాని సాయంకాలమునగాని చల్లవలెను. పూర్తిగా వాడిన పైరును ఏ మందును బ్రతికింపజాలదు.

రసాయనము నీటికి మారు కాదు. ఉన్న నీటిని పొదుపుగా వాడుకొనుటకు పైరునకు ఒక చేయూత మాత్రమే. పశువుల యెరువువేసి నేలలో తేమను నిలుపుట, చెరువుల పూడిక తీయుట, దొరువునీటిని మితముగా తోడుట ఎన్నటికిని మానరానివి. ఈ పనులకు శాస్త్రము తోడైనప్పుడే వానలు తగ్గిన యేటను రైతుఇంట నాలుగు గింజలు నిలుచును.