పంటి నొప్పి రోగికి.. ఫీజు తలనొప్పి డాక్టరుకు

నరసరావుపేట: ‘‘పీకెయ్యండి డాక్టరు గారూ, పీడా విరగడవుతుంది.’’ నరసరావుపేట, సత్తెనపల్లి వంటి పట్టణాల్లో పళ్ళ డాక్టర్లకు ఈ మాట కొత్త కాదు. పల్లెల్లో చాలామంది లవంగ నూనె పెట్టుకుని, నొప్పి బిళ్ళలు మింగి నెలల తరబడి ఓర్చుకుంటారు. దవడ వాచి నిద్ర పట్టనప్పుడే ఆస్పత్రి గడప తొక్కుతారు. అప్పటికి పుచ్చు నరం దాకా దిగి వుంటుంది.

పీకడానికి వందల్లో అవుతుంది. పన్ను నిలబెట్టుకోవాలంటే రూట్ కెనాల్ చేయించుకోవాలి. దవడ పన్నులో మూడు, నాలుగు నరాల దారులుంటాయి. అన్నిటినీ శుభ్రం చేసి, పూడ్చి, పైన తొడుగు వెయ్యాలి. అది వేలల్లోకి వెళుతుంది.

డాక్టరుకు ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. పన్ను కాపాడుకోమంటే డబ్బు కోసం చెబుతున్నాడంటారు. అడిగినట్టు పీకేస్తే చదివిన చదువుకు న్యాయం జరగదు. నోట్లో చెయ్యి పెట్టడం తేలికే గాని, నోరు తెరిచి ఫీజు అడగడమే కష్టమన్నట్టుంది వీరి పరిస్థితి.

నాలుగేళ్ళ చదువు, ఏడాది హౌస్ సర్జన్సీ అయ్యేసరికి కొందరికి అప్పు మిగులుతుంది. సర్కారు కొలువులు తక్కువ. సొంతంగా పెట్టుకుంటే కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే, పనిముట్లను ఆవిరితో శుద్ధి చేసే యంత్రం కొనాలి. రోగి వచ్చినా రాకున్నా అద్దె, కరెంటు బిల్లు, బ్యాంకు వాయిదా ఆగవు. తొడుగుకు తీసుకున్న సొమ్ములో కొంత దానిని తయారుచేసే ల్యాబుకే పోతుంది.

‘‘మిర్చి అమ్మాక ఇస్తాం’’ అనే రైతుకు కాదనలేరు. నొప్పి తగ్గగానే కొందరు తొడుగు వేయించుకోకుండానే మానేస్తారు. ఆ పన్ను విరిగితే నింద డాక్టరు మీదికే వస్తుంది.

రోగిని పంపినందుకు కమీషన్ ఇచ్చే అలవాటు మరో తలనొప్పి. 2014 నాటి దంతవైద్యుల నీతి నియమావళి దీనిని నిషేధించింది. ఇస్తే ఆ భారం చివరకు రోగి బిల్లు మీదే పడుతుంది. ఇవ్వకుంటే వచ్చే రోగులు తగ్గుతారేమోనన్న భయం. నిజాయితీగా వుండాలనుకునే వారికి ఇది రోజూ పరీక్షే.

పీకించుకుంటే చవక అన్న లెక్క కూడా సరైనది కాదు. పక్క పళ్ళు ఖాళీలోకి ఒరుగుతాయి, నమలడం కష్టమవుతుంది. కట్టుడు పన్ను పెట్టించుకుంటే మళ్ళీ ఖర్చే.

చిన్న నల్లమచ్చగా వున్నప్పుడే సిమెంటు పెట్టించుకుంటే ఇద్దరికీ ఈ బాధ వుండదు. పని మొదలుపెట్టక ముందే ఎన్నిసార్లు రావాలి, మొత్తం ఎంతవుతుంది అని అడిగి కాగితం మీద రాయించుకోవడం మంచిది. అడగడం తప్పు కాదు, చెప్పడం డాక్టరుకూ మేలే. అంత స్తోమత లేనివారికి విజయవాడలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆస్పత్రి వున్నది.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఎందుకు?