రగ్బీ రెఫరీ చేతి సంకేతాలు: తీర్పు, దాని కారణం

జట్టుకు 15 మంది చొప్పున ఒకే బంతి కోసం తలపడే రగ్బీ యూనియన్ ఆటలో రెఫరీ ఈల ఊదగానే తెలియవలసిన విషయాలు రెండు: తీర్పు ఏ జట్టుకు అనుకూలంగా వచ్చింది, అవతలి జట్టు చేసిన తప్పేమిటి. ఈ క్రీడ అంతర్జాతీయ పాలక సంస్థ అయిన వరల్డ్ రగ్బీ నిర్దేశించిన చేతి సంకేతాలు ఈ రెంటినీ ఇదే వరుసలో తెలుపుతాయి. తీర్పును చెప్పేది ప్రధాన సంకేతం కాగా, తప్పును వివరించేది అనుబంధ సంకేతం.

ప్రధాన సంకేతాలలో చేయి ఏ ఎత్తున, ఏ కోణంలో ఉందన్నదే కీలకం. రెఫరీ తన భుజాలు టచ్ లైనుకు, అంటే మైదానం పొడవునా ఉండే పక్క గీతకు, సమాంతరంగా ఉండేలా నిలబడి, తప్పు చేయని జట్టు వైపు చేతిని ఏటవాలుగా పైకి చాపితే ఆ జట్టుకు పెనాల్టీ లభించినట్టు. అదే చేతిని మోచేతి దగ్గర నిలువుగా పైకి మడిస్తే లభించింది ఫ్రీ కిక్ మాత్రమే. ఈ తేడా చిన్నది కాదు. పెనాల్టీ పొందిన జట్టు బంతిని నేరుగా గోలుకు తన్ని 3 పాయింట్లు సాధించవచ్చు గానీ, ఫ్రీ కిక్‌కు ఆ అవకాశం లేదు. చేయి నడుము ఎత్తున అడ్డంగా చాచి ఉంటే అది అడ్వాంటేజ్: తప్పు జరిగినా, నష్టపోయిన జట్టు ఆడుతూనే లాభపడగలదేమో చూడడానికి రెఫరీ ఆటను ఆపలేదని అర్థం. ఆ లాభం దక్కకపోతే ఈల ఊది, ఆటను తప్పు జరిగిన చోటికే తీసుకువస్తారు.

అనుబంధ సంకేతాలు చాలావరకు జరిగిన తప్పునే అభినయించి చూపుతాయి. బంతిని ముందుకు విసిరితే రెఫరీ లేని బంతిని ముందుకు అందిస్తున్నట్టు చేతులు కదుపుతారు. ప్రత్యర్థి పట్టి నేలకూల్చిన ఆటగాడు బంతిని వెంటనే వదలకపోతే, దాన్ని గుండెకు హత్తుకున్నట్టు రెండు చేతులనూ ఛాతీ దగ్గరకు చేరుస్తారు. భుజాలకు పైన పట్టుకోవడం ప్రమాదకరమైన తప్పు కనుక, దానికి అరచేతిని మెడ ముందు అడ్డంగా కదుపుతారు. క్రికెట్ అంపైరు ఎత్తే వేలు బ్యాట్స్‌మన్ అవుటయ్యాడని చెబుతుందే తప్ప, క్యాచ్‌ వల్లనా ఎల్బీడబ్ల్యూ వల్లనా అన్నది చెప్పదు. రగ్బీ రెఫరీ ఆ కారణాన్ని కూడా చేతులతోనే వెల్లడిస్తారు.

కొత్త సాంకేతికత వచ్చినప్పుడు సంకేతాలూ పెరిగాయి. వీడియో పరిశీలన కోరేటప్పుడు రెఫరీ గాలిలో టీవీ తెర ఆకారాన్ని గీస్తారు. ఫ్రాన్స్‌లో 2023లో జరిగిన ప్రపంచ కప్‌లో, రెఫరీ పసుపు కార్డు చూపి చేతులను ఒకదానిపై ఒకటి అడ్డంగా ఉంచితే, ఆ తప్పు ఎర్ర కార్డుకు తగినదో కాదో మైదానం వెలుపలి అధికారి 8 నిమిషాలలోపు తేల్చేవారు.

రెఫరీ నిర్ణయంతో ఆటగాళ్లు వాదించరాదన్నది రగ్బీ నియమం. తీర్పు వెనుక కారణం దాపరికం లేకుండా మైదానమంతటికీ కనిపించినప్పుడే ఓడిన పక్షం నుంచి అంతటి విధేయతను కోరడం న్యాయమవుతుంది; ఆ న్యాయాన్ని ప్రతి ఈల తరువాతా నిలబెట్టే బాధ్యత రెఫరీ చేతులదే.