అనుభవాన్నీ లెక్క అడగాలి

వెయ్యిమందిలో ఒక్కరికి వచ్చే జబ్బు ఒకటుంది. దాన్ని పట్టుకునే పరీక్ష, జబ్బు లేనివాళ్లలోనూ నూటికి అయిదుగురికి పొరపాటున ‘ఉంది’ అని చూపిస్తుంది. ఒకరి రిపోర్టులో ‘ఉంది’ అని వచ్చింది. ఆ మనిషికి నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? హార్వర్డ్ బోధనాసుపత్రుల్లో 60 మంది వైద్యులనూ వైద్య విద్యార్థులనూ ఈ ప్రశ్న అడిగి, ఫలితాలను 1978లో ప్రచురించారు. అన్నిటికంటే ఎక్కువగా వినిపించిన జవాబు 95 శాతం. సరిగ్గా చెప్పినవాళ్లు 11 మంది. లెక్క చూస్తే హైస్కూలు స్థాయిదే. వెయ్యిమందికి పరీక్ష చేస్తే అసలు రోగి ఒక్కరు, పొరపాటున దొరికేవాళ్లు దాదాపు యాభై మంది. ఆ యాభై ఒక్కరిలో ఒక్కరంటే రెండు శాతం. తెలివికి లోటు లేని వైద్యులే ఇక్కడ తడబడ్డారంటే, రిపోర్టు చేతికి రాగానే ‘ఎంతమందిలో?’ అని అడగడం దానంతటదే వచ్చే గుణం కాదని అర్థం. దాన్ని నేర్పాలి, నేర్చుకోవాలి.

మన దగ్గర వైద్యంలో పీజీ చేసేవాళ్లు థీసిస్ రాయాలి. పరిశోధన పద్ధతుల మీద భారత వైద్య పరిశోధన మండలి ఆన్‌లైన్ కోర్సు కూడా వాళ్లకు తప్పనిసరి అయింది. మంచి పనే. అయితే ఇదంతా డిగ్రీ కోసం, పేపరు కోసం అనే భావన స్థిరపడితే అసలు ఫలం చేజారుతుంది. జీవితంలో ఒక్క పేపరూ రాయని డాక్టరుకూ, నర్సుకూ ఈ చదువు కావాలి. ఎందుకంటే కళ్లారా చూసినది ఎక్కడ మోసం చేస్తుందో చూపించే సాధనం ఇదే.

తలకు బలమైన దెబ్బ తగిలినవాళ్లకు మెదడు వాపు తగ్గుతుందని స్టెరాయిడ్లు ఇవ్వడం ముప్ఫై ఏళ్లకు పైగా సాగింది. ఆలోచన సబబుగానే కనిపించింది. కోలుకున్న రోగిని చూస్తే మందు పనిచేసిందనిపిస్తుంది, చనిపోయిన రోగిని చూస్తే దెబ్బే పెద్దదనిపిస్తుంది. పదివేల మందికి పైగా రోగులను లాటరీ తీసినట్టు రెండు జట్లుగా పంచి చేసిన ‘క్రాష్’ అధ్యయనం 2004లో వెలువడింది. రెండు వారాల్లోపు చనిపోయినవారు స్టెరాయిడ్ తీసుకున్న జట్టులో 21.1 శాతం, తీసుకోని జట్టులో 17.9 శాతం. వందకు ముగ్గురు అదనంగా చనిపోతున్నారు. ఒక్క వార్డులో ఎన్నేళ్లు పనిచేసినా ఆ తేడా కంటికి ఆనదు.

మనకు దగ్గరి ఉదాహరణ క్షయ. 1950లలో ఈ జబ్బుకు మంచి గాలి, బలమైన తిండి, పూర్తి విశ్రాంతి, శానిటోరియంలో మంచం కావాలని గట్టి నమ్మకం. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అలాంటి పేరున్న చోటు. దేశంలో రోగులేమో లక్షల్లో ఉన్నారు, మంచాలు ఏ మూలకూ చాలవు. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఈ నమ్మకాన్నే పరీక్షకు పెట్టింది. నగరంలోని పేద రోగుల్లో కొందరిని శానిటోరియానికి పంపారు, మిగతావాళ్లకు అవే మందులు వాళ్ల ఇరుకిళ్లలోనే ఇచ్చారు. ఎవరు ఎక్కడికన్నది డాక్టరు ఇష్టానికి వదల్లేదు. ఈ అధ్యయనానికి ప్రాణం అదే. వదిలితే బాగా ముదిరినవాళ్లంతా శానిటోరియానికే చేరి, పోలికకు అర్థమే లేకుండా పోయేది. 1959లో ఫలితాలు వచ్చాయి. తిండిలోనూ విశ్రాంతిలోనూ అంత తేడా ఉన్నా ఇంటి వైద్యం దాదాపు సమానంగా పనిచేసింది. రోగి ఇంట్లోనే ఉన్నందువల్ల కుటుంబానికి అదనంగా జబ్బు సోకలేదని తర్వాతి పరిశీలనలో తేలింది. ప్రపంచమంతటా క్షయ వైద్యం శానిటోరియం గడప దాటి ఇళ్లకు చేరడానికి ఈ లెక్కలు పెద్ద ఊతమయ్యాయి.

ప్రతి రోగీ వేరు, సగటుతో వైద్యం చేస్తామా అని అడిగేవాళ్లున్నారు. ఆ మాటలో నిజముంది. ఎదుట కూర్చున్న మనిషి వయసు, పేదరికం, భయం ఏ పట్టికలోనూ ఉండవు, వాటిని చదవగలిగేది అనుభవమే. కానీ ఆ అనుభవం తిరిగి వచ్చిన రోగులతో ఏర్పడింది. మానేసినవాళ్లు, మరో ఆసుపత్రికి వెళ్లినవాళ్లు, ఇంట్లోనే పోయినవాళ్లు అందులో లేరు. ఆ లోటును పూడ్చేది లెక్కే. గణాంక నిపుణులున్నారుగా, ఇప్పుడు సాఫ్ట్‌వేరూ ఉందిగా అనేది మరో వాదన. సాఫ్ట్‌వేరు తనకిచ్చిన అంకెలకు సగటు కడుతుంది, రాని రోగుల గురించి అడగదు. నిపుణుణ్ణి చివర్లో పిలిస్తే అతను చేయగలిగేది పోస్టుమార్టమేనని గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1938లోనే భారతీయ గణాంకవేత్తల సభలో హెచ్చరించాడు.

ఇక తీరిక లేదన్న మాట. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఓపీ రద్దీ తెలిసినవాళ్లెవరూ దాన్ని కొట్టిపారేయలేరు. అందుకే ఈ శిక్షణ టేబుల్ మీదున్న రిజిస్టరుతోనే మొదలవ్వాలి. శిబిరంలో బీపీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్లను ఏరి, నెల తర్వాత మళ్లీ కొలిస్తే మాత్ర వేయకపోయినా చాలామందిలో కొంత తగ్గి కనిపిస్తుంది. బీపీ రోజురోజుకూ మారుతుంది, మనం ఏరినది అది పైకెక్కిన రోజున. మందు ఎంత తగ్గించిందో తెలియాలంటే అదే ఎత్తున మొదలై మందు మొదలుపెట్టని జట్టు కూడా పక్కనుండాలి. ముందు, తర్వాత అనే రెండు గడులు మాత్రమే అడిగే నివేదిక ఫారాల్లో ఈ పోలిక జట్టు కోసం మూడో గడికి చోటివ్వడం ఫారం తయారుచేసే అధికారుల చేతిలో ఉంది. కనుక ఈ చదువు వాళ్లకూ అంతే అవసరం.