కార్యాలయ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్ నవీకరణ – పాటించవలసిన పద్ధతులు

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలో భూముల రిజిస్ట్రేషన్ మొదలుకొని ధ్రువపత్రాల జారీ వరకు ప్రజలకు అందవలసిన సేవలెన్నో కంప్యూటర్లపై ఆధారపడి ఉన్నాయి. రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ల కంప్యూటరీకరణ 1998 నవంబరులో ‘కార్డ్’ పథకంతో మొదలయింది. మీసేవ 2011లో ప్రారంభమయింది. కార్యాలయంలోని కంప్యూటర్లు నెట్‌వర్క్ ద్వారా అనుసంధానమై ఉన్నందున, ఏ ఒక్కదానిని అలక్ష్యం చేసినా తక్కిన వాటికీ ముప్పు వాటిల్లుతుంది.

2017 మే 12న వ్యాపించిన ‘వన్నాక్రై’ వైరస్ ఇందుకు నిదర్శనం. 150 దేశాలలోని కంప్యూటర్లతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. విండోస్‌లోని ఏ లోపం ద్వారా అది ప్రవేశించిందో, ఆ లోపాన్ని సరిదిద్దే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ అదే సంవత్సరం మార్చి 14న విడుదల చేసి ఉంది. దానిని సకాలంలో అమర్చుకొన్న కంప్యూటర్లకు ఆ మార్గంలో హాని కలుగలేదు.

కంప్యూటర్లు అనేకం ఉన్నచోట ఒక్కొక్కటి విడివిడిగా ఇంటర్నెట్ నుండి నవీకరణలను దిగుమతి చేసుకొన్నచో కాలహరణం జరుగుటయే గాక, నెట్‌వర్క్‌పై భారం పెరుగుతుంది. ఒక సర్వర్ వాటిని ఒకేసారి తెచ్చుకొని తక్కిన వాటికి పంపిణీ చేయడం మేలైన పద్ధతి. విండోస్, లినక్స్ రెండింటిలోనూ ఈ సౌకర్యం ఉంది.

ఇందుకు ముందుగా ఏ కంప్యూటరులో ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ ఉన్నదో జాబితా తయారు చేయాలి. ముఖ్యమైన దస్త్రాల నకళ్లు వేరుగా భద్రపరచాలి. నవీకరణను మొదట ఒకటి రెండు కంప్యూటర్లలో పరీక్షించి, ప్రింటరు, వేలిముద్రల యంత్రం సక్రమంగా పనిచేస్తున్నవని నిర్ధారించుకొన్న పిదప మిగిలిన వాటికి వర్తింపజేయాలి. ఈ పనిని కార్యాలయ వేళల అనంతరం చేపట్టినచో ప్రజలు వేచి ఉండవలసిన అవసరం ఉండదు. మధ్యలో విద్యుత్తు నిలిచిపోతే వ్యవస్థ చెడిపోయే ప్రమాదం ఉన్నందున యూపీఎస్ తప్పనిసరి. ఆ సమయంలో ఆపివేసి ఉన్న కంప్యూటర్లను మరునాడు గుర్తించి పూర్తిచేయాలి.

విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. ప్యాచ్‌లు అందని కంప్యూటర్లను మార్చడమో, నెట్‌వర్క్ నుండి వేరు చేయడమో అవసరం. భద్రతా లోపాలపై కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ జారీచేసే హెచ్చరికలను కార్యాలయాల సిబ్బంది ఎప్పటికప్పుడు గమనిస్తూ, ప్రజాసేవలకు అంతరాయం కలుగకుండా చూడవలసి ఉంది.