సమాధి నిజమే, సాక్ష్యమే చాలదు

యేసు కుటుంబ సమాధి దొరికిందంటూ 2007లో డిస్కవరీ ఛానెల్ ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. దర్శకుడు సింఖా జాకబోవిచి; నిర్మాణంలో ‘టైటానిక్’ తీసిన జేమ్స్ కామెరాన్ పాలుపంచుకున్నారు. కానీ అది కొత్త సమాధి కాదు. జెరూసలేంలోని తల్పియోత్ ప్రాంతంలో 1980లోనే, ఇళ్ల నిర్మాణ పనుల్లో బయటపడింది. పురావస్తు శాస్త్రవేత్త అమోస్ క్లోనర్ 1996లోనే వివరాలు ప్రచురించారు. ఎవరూ దాచిపెట్టిందేమీ లేదు.

అక్కడ దొరికిన పది ఎముకల పెట్టెల్లో ఆరింటి మీద పేర్లున్నాయి. ‘యోసేపు కుమారుడు యేసు’ అని చదివిన రాత గజిబిజి గీతల్లో ఉంది. మొదటి పేరుపైనే పండితులకు సందేహాలున్నాయి. పైగా యేసు, యోసేపు, మరియ ఆ కాలపు యూదుల్లో ఇంటింటా వినిపించే పేర్లు. ఇన్ని పేర్లు ఒకేచోట కలవడం అరుదు కదా అంటారు. ఆ లెక్క, ఒక పెట్టెపై ఉన్న ‘మరియమ్నే’ అన్న పేరు మగ్దలేనే మరియదేనని ముందే ఒప్పుకుంటే తప్ప నిలవదు.

డీఎన్ఏ మాటేమిటి? పరీక్షించింది ‘యేసు’, ‘మరియమ్నే’ పేర్లున్న రెండు పెట్టెల్లోని అవశేషాలనే, అదీ తల్లి వైపు వారసత్వాన్ని చూపే మైటోకాండ్రియల్ డీఎన్ఏనే. ఇద్దరూ ఒక తల్లి పిల్లలు కారని తేలితే భార్యాభర్తలని తేల్చేశారు. తండ్రీకూతుళ్లయినా, మేనత్తా మేనల్లుడైనా ఫలితం అదే వస్తుంది.

ఈ సందేహాలు మతాభిమానంతో వచ్చినవనీ అనలేం. యేసు పునరుత్థానాన్ని కాపాడే అవసరం ఇజ్రాయెల్ శాస్త్రవేత్త క్లోనర్‌కు లేదు. అయినా ఈ వాదనను ఆయనే కొట్టిపారేశారు. తవ్వకాల ఫలితాలు ముందు నిపుణుల పరిశీలనకు వెళ్లాలి, ఆ తర్వాతే తెరకెక్కాలి.