శేషాచల వనసీమలో యాత్రికులు

ఏడుకొండలకు చేతులు జోడించే మనము వాటిని కప్పియున్న అడవిని దారిపక్క దృశ్యముగానే చూచి సాగిపోతాము. ఈ శేషాచల వనసీమను 2010లో కేంద్ర ప్రభుత్వం బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించింది. తూర్పు కనుమల దక్షిణభాగమున తప్ప లోకమున మరెక్కడా సహజముగా పెరగని ఎర్రచందనం ఇక్కడి సొత్తు. రాతిసందుల్లో బంగారు బల్లి, కొమ్మలపై రాత్రివేళ సంచరించే దేవాంగపిల్లి నివసిస్తాయి. పగటి యాత్రికునకు ఇవి అరుదుగా కనబడతాయి. తలకోనకు వెళ్లినవారు జలపాతముతోపాటు చెట్లనల్లుకొన్న గిల్లతీగను కూడా నిలిచి చూడవలెను.

అలిపిరి మెట్లదారిలో జింకలకు పండ్లు పెట్టుట పుణ్యమని పలువురి నమ్మకం. ఆ భావన మంచిదే, ఫలితమే వేరు. తిండికి అలవాటుపడిన జింకలు దారిని విడువవు. పారవేసిన ఆహారానికి కుక్కలు, అడవిపందులు చేరుతాయి. వాటిని వెదకుచు చిరుత వస్తుంది. 2023 ఆగస్టులో ఆరేళ్ల బాలిక ఈ దారిలోనే చిరుతకు బలియైంది. కనుక భక్తులు జంతువులకు ఏదియు పెట్టరాదు. గుంపులుగా నడవాలి. పసిపిల్లలను ముందుకు పరుగెత్తనీయక చేయి పట్టుకొని నడిపించాలి. మిగిలిన ఆహారమును చెత్తకుండీలోనే వేయాలి.